సాంట్రో టైమింగ్ బెల్ట్: చూడ్డానికి బాగుంటే చాలదు
మీ 2008 సాంట్రో కారు తక్కువే తిరిగింది, టైమింగ్ బెల్ట్‌పై (ఇంజిన్‌లో పిస్టన్లకూ వాల్వులకూ లయ తప్పకుండా చూసే పళ్ల రబ్బరు పట్టీ) పగుళ్లు లేవు కాబట్టి దాన్ని మార్చకుండా ఆగొచ్చా అని అడిగారు. ఆగొద్దండీ. రబ్బరు కిలోమీటర్లతోనే కాదు, ఏళ్లతోనూ పాడవుతుంది. పైకి ఏమీ కనిపించకుండానే పళ్లు ఊడిపోవచ్చు. ఈ ఇంజిన్‌లో బెల్ట్ తెగితే పిస్టన్లు తగిలి వాల్వులు వంగుతాయి, ఇంజిన్ పై భాగమైన హెడ్ విప్పాల్సిందే. ఆ ఖర్చు ముందు బెల్ట్ ధర ఎంతని!

బెల్ట్‌ని బిగుతుగా ఉంచే టెన్షనర్ బేరింగ్ కూడా కొత్తదే వేయించండి. పాతది తిరగకుండా పట్టేస్తే కొత్త బెల్ట్ కూడా పోతుంది. క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్ట్), క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్) ఆయిల్ సీళ్లు కారుతున్నాయేమో అప్పుడే చూడమనండి, ఆయిల్ తగిలిన బెల్ట్ నిలవదు. బిగించాక స్టార్ట్ చేసేముందు క్రాంక్‌ని స్పానర్‌తో రెండు పూర్తి చుట్లు తిప్పించి, క్యామ్, క్రాంక్ చక్రాల మీది టైమింగ్ మార్కులు వాటి గుర్తులతో కలిశాయో లేదో మీరే దగ్గరుండి చూడండి. మెకానిక్ విసుక్కున్నా సరే.