నాన్న నాతో మాట్లాడటం లేదు

ప్రశ్న: నా వయసు 29. గాజువాకలో ఉంటాం. రెండేళ్ల క్రితం బాప్తిస్మం తీసుకున్నాను. నాన్న ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. ఏటా సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తారు. అమ్మానాన్నలకు కరపత్రాలు ఇచ్చాను, ఫోనులో వాక్యం వినిపించాను. పోయిన ఏడాది ప్రదక్షిణ చేసి నాన్న అరికాళ్లు బొబ్బలెక్కి వస్తే, ‘ఎంత నడిచినా నరకం తప్పదు’ అన్నాను. అప్పటినుంచి నాతో మాటల్లేవు. ‘నీవును నీ యింటివారును రక్షణ పొందుదురు’ అన్న వాగ్దానం మా ఇంట్లో ఎప్పుడు నెరవేరుతుంది?

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే వాగ్దానం దగ్గరకన్నా ఆ బొబ్బల దగ్గరే నా మనసు ఆగిపోయింది. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పుఘర్ మీదుగా కొండ చుట్టూ 32 కిలోమీటర్లు! ఆ వయసులో అంత దూరం నడిచి గుమ్మంలో కూలబడిన తండ్రికి కొడుకు నోట వినబడిన మొదటి మాట నరకం. ఆయన మౌనం నాకేమీ వింతగా లేదు.

మీరు రాసిన వాక్యం అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో 31వ వచనం. దెబ్బలు తిని ఫిలిప్పీ చెరసాలలో ఉన్న అపొస్తలుడు పౌలు, అతని తోటివాడు సీల ఆ చెరసాల నాయకుడితో అన్న మాట. అక్కడే పుస్తకం మూసేశారేమో, ఇంకో రెండు వచనాలు చదవండి. ఆ రాత్రి గడియలోనే అతను వారి గాయాలు కడిగాడు. బాప్తిస్మం కూడా ఆ తరవాతే! ఇంటివారంతా నమ్మిన ఆ ఇంట్లో, ఆ రాత్రి, నీళ్లు పట్టుకున్న చేతులున్నాయి. మీ ఇంట్లో ఆ నీళ్లు కాచింది మీ అమ్మగారే అయి ఉంటారు.

వాగ్దానం ‘ఎప్పుడు’ అన్నది నేను చెప్పలేను, మీ పాస్టర్ గారూ చెప్పలేరు. యేసు సొంత తమ్ముళ్లే మొదట ఆయనను నమ్మలేదని యోహాను సువార్త 7వ అధ్యాయం చెబుతోంది. వారిలో యాకోబు తరవాత యెరూషలేము సంఘానికి పెద్ద అయ్యాడు. నమ్మని భర్తల గురించి రాస్తూ పేతురు వాడిన మాట ‘వాక్యము లేకుండనే’, అంటే బోధించకుండా, నడవడితోనే. భార్యలకు చెప్పినదే అయినా కొడుకులకూ పనికొస్తుంది.

కాబట్టి కరపత్రాలు ఇక చాలు. ఫోను శబ్దం మీ చెవి వరకే ఉంచుకోండి. ప్రార్థన కూడికలో మీ నాన్నగారి సంగతి సాక్ష్యంగా చెప్పే అలవాటుంటే మానేయండి. కాలనీలో అది ఆయన చెవిన పడటానికి పూట పట్టదు. ప్రసాదం తీసుకోకపోవడం మీ మనస్సాక్షికి సంబంధించినది, దాన్ని మార్చుకోమనను. ‘వద్దమ్మా’ అని మెత్తగా అంటే అమ్మ నొచ్చుకున్నా తట్టుకుంటుంది. మొహం తిప్పుకుంటే తట్టుకోలేదు.

నాన్నగారిని క్షమాపణ అడగండి. ‘ఆ రోజు అలా అనకూడదు నాన్నా’ అని, అంతే. దాని వెనుక ‘ఒక్కసారి చర్చికి రండి’ అని తగిలించారో, ముందు మాట కూడా ఎరగా మారిపోతుంది. మీ జీవితంలో ఏం జరిగిందో ఆయనే అడిగిన రోజు చెప్పండి. అడగకపోవచ్చు కూడా. ఆయన చివరిదాకా అప్పన్న భక్తుడిగానే ఉన్నా, ఆయన మీ తండ్రే.

వచ్చే ఆషాఢ పౌర్ణమికి ఆయన మళ్లీ బయలుదేరతారు. తిరిగి వచ్చే వేళకు పొయ్యి మీద నీళ్లు మీరు పెట్టండి. అమ్మగారిని కాసేపు కూర్చోనివ్వండి.