మీ ప్రశ్నలు – మా జవాబులు: యూనిఫాం విప్పిన జనరల్‌కు పార్లమెంటు దారి

ప్రశ్న: దక్షిణ కొరియాలో సైన్యం నుంచి రిటైరైన జనరళ్లు పార్లమెంటులో కూర్చుంటున్నారు. వాళ్లకు ఏమైనా గడువు ఉందా? ఎలా వెళ్తారు?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: రిటైరయ్యాక ఇన్నేళ్లు ఆగాలన్న నియమం లేదు. కొలువులో ఉన్నవారు నియోజకవర్గంలో నిలబడాలంటే పోలింగుకు 90 రోజుల ముందు ఉద్యోగం వదలాలి. పార్టీ జాబితాలోంచి (పార్టీకి పడ్డ ఓట్లను బట్టి, పార్టీ రాసిచ్చిన పేర్ల వరుసలో సీటు దక్కే పద్ధతి) వెళ్లేవారికి 30 రోజులు చాలు.

ఆ జాబితా సంగతే అసలు కిటుకు. సభలో 300 సీట్లు. 2024 ఎన్నికల్లో 254 నియోజకవర్గాలవి, 46 జాబితావి. ఓటరు చేతికి రెండు బ్యాలెట్లు ఇస్తారు: ఒకటి అభ్యర్థికి, ఇంకొకటి పార్టీకి. 2024లో పార్టీ ఓట్లలో 3 శాతమైనా రావాల్సి ఉండేది, లేదా 5 నియోజకవర్గాలైనా గెలవాల్సి ఉండేది. అప్పుడే జాబితా సీట్లలో వాటా దక్కేది. జాబితాలో 1, 3, 5 లాంటి బేసి స్థానాలు మహిళలవి. కాబట్టి నాలుగు నక్షత్రాల జనరల్ అయినా మగవాడైతే సరి సంఖ్యల్లోనే సర్దుకోవాలి. మరీ కింద పేరు పడిందా, పార్టీ గెలిచినా ఆయన ఇంట్లోనే!

కొరియా–అమెరికా ఉమ్మడి సేనలకు డిప్యూటీ కమాండర్‌గా చేసిన కిమ్ బ్యోంగ్‌జూ 2020లో ఇలా జాబితాలోంచే సభకు వచ్చారు. 2024లో నమ్‌యాంగ్‌జూ నియోజకవర్గంలో నేరుగా ఓట్లడిగి గెలిచారు. ఊళ్లో కార్యకర్తలు లేని కొత్తవారికి ఈ వరుసే నయం. నియోజకవర్గంలో డిపాజిట్ కోటిన్నర వోన్లు (కొరియా కరెన్సీ). 15 శాతం ఓట్లొస్తే మొత్తం తిరిగిస్తారు, 10 దాటితే సగం, అంతకు తగ్గితే గల్లంతే.

ప్రశ్న: మన మాజీ సైన్యాధిపతి వి.కె.సింగ్ 2012లో రిటైరై 2014లో ఎంపీ అయితే ఇక్కడెవరూ ఉలిక్కిపడలేదు. అక్కడ జనరల్ అనగానే ఎందుకంత అనుమానం?
– ఒక పాఠకురాలు, సిరొంచ

జవాబు: దెబ్బ తిన్నారు కనుక. పార్క్ చుంగ్ హీ 1961 మే 16న తిరుగుబాటుతో అధికారం పట్టి, 1963 ఆగస్టులో సైన్యం వదిలి, అక్టోబరులో అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. చున్ డూ హ్వాన్‌కు అంత వ్యవధి కూడా పట్టలేదు: 1980 ఆగస్టు 22న రిటైర్మెంటు, 27న అధ్యక్షుడిగా ఎన్నిక. అంతకు మూడు నెలల ముందే గ్వాంగ్‌జూలో సైన్యం జనం మీద కాల్పులు జరిపింది. ఆయన స్నేహితుడు రో టే వూ 1987లో ప్రత్యక్ష ఎన్నికలో 36.6 శాతంతోనే గట్టెక్కాడు, ప్రతిపక్షపు ఇద్దరు కిమ్‌లు (కిమ్ యంగ్ సామ్, కిమ్ డే జంగ్) ఓట్లు చీల్చుకోవడం వల్ల.

యూనిఫాంలో ఉన్నవారు మంత్రి కాకూడదని రాజ్యాంగంలో ఉంది. రిటైరైతే అడ్డు లేదు. ఆ సందులోంచే 1961 తర్వాత రక్షణ మంత్రులంతా మాజీ సైనికాధికారులే వచ్చారు. 2024 డిసెంబరు 3 రాత్రి అప్పటి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ సైనిక శాసనం ప్రకటించినప్పుడు రక్షణ మంత్రి కూడా అలాంటివారే. 2025 జులైలో గానీ ఆన్ గ్యు బ్యాక్ రూపంలో సైన్యాధికారి కాని మంత్రి రాలేదు.

ప్రశ్న: మా వీధిలో ఒక మాజీ సుబేదారుగారు ఉన్నారు. ఓటు పర్లాకిమిడిలో. ఆంధ్రలో పోటీ చేయగలరా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: పక్కనే ఉన్నా పాతపట్నం అసెంబ్లీకి కుదరదు, దానికి ఆ రాష్ట్రంలోనే ఓటు ఉండాలి. శ్రీకాకుళం లోక్‌సభకు మాత్రం నిక్షేపంగా నిలబడవచ్చు, దేశంలో ఎక్కడ ఓటున్నా సరే. పెన్షన్ అడ్డు కాదు. డిపాజిట్ 25,000 రూపాయలు (ఎస్సీ, ఎస్టీలకు 12,500), పోలైన చెల్లే ఓట్లలో ఆరో వంతు దాటితేనే తిరిగొస్తుంది. స్వతంత్రుడైతే పదిమంది ప్రతిపాదించాలి. ఆ పదిమందీ శ్రీకాకుళం నియోజకవర్గం ఓటర్లే కావాలి, పర్లాకిమిడి బంధువుల సంతకాలు చెల్లవు. ఓటు వేరే చోట కాబట్టి అక్కడి ఓటర్ల జాబితాలో తన పేరున్న భాగానికి ధ్రువీకరించిన నకలు నామినేషన్‌తో గానీ, పరిశీలన వేళ గానీ చూపించాలి. అది లేకపోతే నామినేషన్ తిరస్కరిస్తారు.