చిత్రిక పట్టడమంటే చిత్రించడం కాదు

సందేహం: మాది గుంటూరు, బ్రాడీపేట. ఇంటి వెనక ఖాళీ జాగాను గచ్చు చేయించి, సాయంత్రాలు కూర్చోవడానికి అక్కడ ఒక టేకు బల్ల వేయిద్దామని పని మొదలుపెట్టించాను. ‘పై పలకలు ఇంకోసారి చిత్రిక పట్టాలండీ’ అన్నాడు వడ్రంగి మేస్త్రి. అదే వారం ఒక పుస్తక సమీక్షలో ‘పల్లె బతుకును చిత్రిక పట్టిన నవల’ అని చదివాను. ఈ రెండు వాడుకల్లో ఏది సరైనది? ఇంకో మూడు చిన్న అనుమానాలు. బల్ల అంటేనే చెక్కతో చేసింది కదా, ‘చెక్క బల్ల’ అంటే పునరుక్తి కాదా? ‘ఆరుబయట బల్ల’ అనాలా, ‘ఆరుబయటి బల్ల’ అనాలా? ఇలా గచ్చు చేసిన ఆరుబయటి చోటును ఇంగ్లీషులో పేషియో అంటారు, దానికి తెలుగు మాట ఉందా?

సమాధానం: మీ మేస్త్రి మాటే సరైనది.

చిత్రిక అన్నది వడ్రంగి పనిముట్టు. ఒక చెక్క దిమ్మ, దాని నడుమ వాలుగా బిగించిన పదునైన ఉక్కు బ్లేడు. పలక మీద ఆనించి ముందుకు తోస్తే ఎగుడుదిగుళ్ళు పోతాయి. పల్చటి పొరలు చుట్టలు చుట్టుకుంటూ పైకి లేస్తాయి. ఆ పనే చిత్రిక పట్టడం. కత్తికి సాన పట్టడంలో ఉన్న ‘పట్టడం’ లాంటిదే ఇదీ. ఇప్పుడు ఆ పని కరెంటు మిషన్లు చేస్తున్నాయి. కొందరు పనివాళ్ళు రందా అనే ఉర్దూ మాట వాడతారు. అయినా చిత్రిక ఇంకా మీ మేస్త్రి నోట బతికి ఉందంటే నాకు చాలా సంతోషంగా ఉంది.

సమీక్ష రాసినవారి మనసులో ఉన్నది ‘చిత్రించిన’ అన్న మాట. చిత్రం, చిత్రిక వినడానికి దగ్గరగా ఉండటంతో ఈ పొరపాటు పత్రికల్లో తరచుగా జరుగుతోంది. కానీ ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు చదివితే ఏమవుతుందో చూడండి. నవల పల్లె బతుకులోని గరుకునంతా గీకేసి నున్నగా చేసిందని అర్థం వస్తుంది. పల్లె కష్టాన్ని దాచకుండా రాసిన రచయితకు అంతకంటే అన్యాయం ఉండదు. వారిని మెచ్చుకోవాలంటే ‘కళ్ళకు కట్టిన’ అనే చక్కని నుడికారం ఉండనే ఉంది. వడ్రంగి పనిలోంచే మాట కావాలంటే కొండపల్లి వెళ్ళి చూడాలి. అక్కడ తెల్ల పొణికి కర్రను చెక్కి బొమ్మకు రూపం తెస్తారు. రూపం తేవడం చెక్కడం, పలకను సాపు చేయడం చిత్రిక పట్టడం. సమీక్షకులకు కావలసింది మొదటిది.

వాడుకే ప్రమాణం కదా, పదిమందీ రాస్తున్నప్పుడు తప్పెలా అవుతుందని అడగవచ్చు. వాడుక భాష కోసం జీవితాంతం పోరాడిన గిడుగు రామమూర్తి గారి (1863-1940) దారే నాదీ. వాడుకకు తల వంచుతాను. అయితే ఎవరి వాడుక? పనిముట్టు పేరు దగ్గరకొచ్చేసరికి దాన్ని చేత పట్టుకున్నవాడి వాడుకే నాకు ముందు.

అలాగని ఆ మాట వడ్రంగం దాటి రాకూడదని కాదు. చేవ చూడండి. చెట్టు మాను నడిమి భాగంలో ముదురు రంగులో ఉండే గట్టి కలప చేవ. టేకులో చెదనూ తడినీ తట్టుకునేది అదే. చుట్టూ ఉండే తెల్లటి భాగానికి ఆ శక్తి లేదు. ఆ మాటే మనుషుల మీదికొచ్చి ‘చేవ ఉన్న మనిషి’, ‘చేవ చచ్చిన మాట’ అయింది. ఎంత దూరం వచ్చినా లోపలి గట్టిదనం అన్న అర్థం చెడలేదు. చిత్రిక కూడా అలా రావచ్చు. రాసినదాన్ని మళ్ళీ మళ్ళీ చదివి, అక్కర్లేని మాటలు తీసేసి సాపు చేయడానికి మనం ఎడిటింగ్ అంటున్నాం, పరిష్కరణ అంటున్నాం. ‘కథను నాలుగుసార్లు చిత్రిక పట్టి అచ్చుకిచ్చారు’ అంటే ఎంత బాగుంటుంది! చిత్రించడానికి మాటల కరువు లేదు. ఈ పనికి ఇంత తగిన మాట మళ్ళీ దొరకదు.

ఇక చెక్క బల్ల. బల్ల అంటే మొదట మందపాటి చెక్క పలకే. కృష్ణ మీద ముక్త్యాల, మాదిపాడు రేవుల మధ్య తిరిగే బల్లకట్టు పేరులో ఆ అర్థం ఇంకా ఉంది. పలకకు కాళ్ళు మొలిచాక బల్ల అన్న పేరు ఆకారానికి అంటుకుంది. దేనితో చేశారన్నది వెనకబడింది. అందుకే రాతి బల్ల, సిమెంటు బల్ల అంటున్నాం. అవి ఉన్నప్పుడు చెక్క బల్ల అని విడిగా చెప్పడం అవసరమే. మన ఇళ్ళలో గాజు గ్లాసు, స్టీలు గ్లాసు అనడం లేదూ? నూనె మరీ విచిత్రం. నువ్వుల నెయ్యి నూనె అయింది. నెయ్యికి అప్పట్లో చమురు అనే అర్థం కూడా ఉండేది. ఆ లెక్కన నువ్వుల నూనె పునరుక్తి, వేరుశనగ నూనె అసంబద్ధం. అయినా కొట్లో అవే అడుగుతాం, అడగాలి కూడా. మీరు నిశ్చింతగా చెక్క బల్ల అనండి.

ఆరుబయట, ఆరుబయటి అన్నదానికి జవాబు చిన్నదే. ఇల్లు, ఇంటి, ఇంట. బయలు, బయటి, బయట. ‘ఇంట’లాగే ‘బయట’ కూడా చోటు చెప్పే రూపం, దాని తర్వాత క్రియ ఉండాలి. ఆరుబయట వేసిన బల్ల అంటాం. క్రియ లేకపోతే ఆరుబయటి బల్ల. మాటల్లో ‘బయట తిండి’ అనేస్తాం, అందులో తప్పు పట్టను. రాసేటప్పుడు మాత్రం బయటి అనే రాయండి.

పేషియో స్పానిష్ మాట. అక్కడ దానికి ఇంటి మధ్య పైకప్పు లేని చోటు అని అర్థం. అంటే మన పాత పెంకుటిళ్ళలోని మండువాకు దగ్గర. మీరు చేయించింది మండువా కాదు. వసారా, వరండా, పంచ అందామంటే వాటికి కప్పు ఉంటుంది. ముంగిలి ఇంటి ముందుది. నిజానికి మీ ఉత్తరంలోనే జవాబుంది, ‘గచ్చు చేయించాను’ అన్నారు. అది పెరటి గచ్చు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెతలోని ‘పెరటి’ ఇదే. ఈ మాట మీ మేస్త్రికీ అర్థమవుతుంది, మీ మనవలకీ అర్థమవుతుంది.

బల్ల వానలో తడుస్తుంది గనక పై పలకల మధ్య సన్నటి సందు వదలమనండి. నీరు కిందికి జారుతుంది, పలకలు ఉబ్బినా ఒకదాన్నొకటి నెట్టుకోవు. ఆ సందును మేస్త్రి ఏమంటాడో విని నాకు రాయండి. బల్ల కాలూ చట్రమూ కలిసే చోట దూరే కొనను కుసి, అది దూరే రంధ్రాన్ని బెజ్జం అంటాడా, మరో మాట అంటాడా అన్నది కూడా. బల్ల పూర్తయ్యేలోపు అడిగితే, చేతిలో పని ఉండగా చెప్పే మాటలు దొరుకుతాయి.