పొడి చేయి, పొడి గరిట

పర్లాకిమిడి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, మీ పెద్దమ్మ ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరం క్షేమం. వారం నుంచి ముసురు వదలడం లేదు, మహేంద్రతనయ నిండుగా పారుతోంది. రాయగడలో మీకూ అలాగే ఉందని అల్లుడు గారు చెప్పారు.

నిన్న ఫోను పెట్టేశాక కూడా నీ మాటలే చెవిలో ఉన్నాయి. పాప పుట్టినరోజుకు చాక్లెట్ ఇంట్లోనే చేయాలని రెండు పెద్ద పలకలు కొని తెచ్చావు. వేడి నీళ్ల గిన్నె మీద గిన్నె పెట్టి కరిగించావు. నిగనిగలాడుతూ కరిగినది కాస్తా చూస్తుండగానే ఇసుకముద్దలా బిగుసుకుపోయిందని, మొత్తం పారబోశానని చెప్పావు. చెబుతున్నప్పుడు నీ గొంతు వణికింది. ఫోనులో చెబితే సగమే గుర్తుంటుంది, అందుకే కాగితం మీద పెడుతున్నాను. దీన్ని వంటింటి అలమర తలుపుకు లోపలి వైపు అంటించుకో.

త్వరగా కరగాలని గిన్నె మీద మూత పెట్టానన్నావు చూడు, జరిగినదంతా అక్కడే జరిగింది. మూతకు పట్టిన ఆవిరి చుక్కలై లోపల పడింది. చాక్లెట్ అంటే కొవ్వులో కలిసి ఉన్న మెత్తని కోకో, పంచదార రేణువులు. అందులో నీటి చుక్క పడితే పంచదార రేణువులు తడిసి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. జల్లెడలోని పిండి మీద నాలుగు చుక్కలు పడితే ఉండలు కట్టినట్టే ఇదీ. నీ చేతిలో లోపం ఏమీ లేదు తల్లీ. ఇంకోసారి అలా అయితే మాత్రం పారబోయకు. వేడి పాలు ఒక్కో చెంచా పోస్తూ కలుపుతూ ఉండు. కాస్త తడికి బిగిసినది, తడి బాగా పెరిగేసరికి మళ్లీ జారుతుంది. పలకగా పోసుకోవడానికి అది ఇక పనికిరాదు కానీ, పాలలో కలిపి పాపకు తాగడానికి ఇవ్వవచ్చు, దోసె మీద రాసి పెట్టవచ్చు. అంత ఖరీదైన సరుకు కాలువలో పోయిందంటే నాకు ప్రాణం ఉసూరుమంది.

ఈ తడి సంగతి నువ్వు కొత్తగా నేర్చుకోవలసినది కాదు. మీ అమ్మమ్మ ఆవకాయ పెట్టే రోజు గుర్తు చేసుకో. జాడీ ముందు రోజే కడిగి, ఎండలో బోర్లించి, మర్నాడు పొడిగుడ్డతో లోపలంతా తుడిచేది. ముక్కలు ఒక్కొక్కటే తుడిపించేది. తల స్నానం చేసి జుట్టు ఆరని పిల్లను ఆ గదిలోకే రానిచ్చేది కాదు. తడి గరిట జాడీలో పెట్టావని ఒకసారి నిన్ను కోప్పడితే రెండు రోజులు అలిగావు. ఆ కోపం వెనక ఏడాదంతా ఇంటిల్లిపాదీ తినే పచ్చడి ఉంది. ఆ పొడి చేయి నీకు ఇప్పటికే ఉంది. చాక్లెట్ అనగానే అదేదో వేరే లోకపు వంట అనుకుని, జాడీ దగ్గర పాటించే జాగ్రత్త పొయ్యి దగ్గర మరిచిపోయావు. బరంపురం నుంచి తెచ్చుకున్న అప్పడాల డబ్బాలో తడి చేయి పెడతామా?

కాబట్టి ఈసారి పలకలు కొనవద్దు. పాలపొడితో చేసే చాక్లెట్ చెబుతాను, నలభై ఏళ్లుగా నా చేతిలో ఉన్నది. అసలు చాక్లెట్‌లో ఉండే కోకో వెన్న ముప్పై నాలుగు డిగ్రీలకే కరుగుతుంది, అంటే మన ఒంటి వేడికంటే తక్కువే. నోట్లో వేసుకుంటే కరిగిపోయే సుఖం దానివల్లే, వేసవిలో చేతికి అంటుకునే బాధా దానివల్లే. పాలపొడి చాక్లెట్ మన పాకం మిఠాయిలకు చుట్టం. ఇక్కడ రైలెక్కి గుణుపురంలో దిగి, బస్సు మారి మీ ఇల్లు చేరేదాకా కూడా ముక్క ముక్కగానే ఉంటుంది. ఎన్నిసార్లు పంపానో నీకు తెలుసు.

ఒకే గ్లాసుతో అన్నీ కొలువు. పంచదార ఒక గ్లాసు, నీళ్లు అర గ్లాసు, పాలపొడి రెండు గ్లాసులు, కోకో పొడి అర గ్లాసు. ఉప్పు లేని వెన్న యాభై గ్రాములు. ఉప్పు చిటికెడు వేరుగా వేసుకో, అది వేస్తేనే కోకో రుచి పైకి వస్తుంది. గ్లాసు అంటే రెండు వందల గ్రాముల పంచదార పట్టేది చాలు. కొనేటప్పుడు రెండు సంగతులు చూడు. పాలపొడి వెన్న తీయనిది కావాలి. టీలో కలుపుకునే పొడుల్లో ముందే పంచదార ఉంటుంది, వాటితో చేస్తే వెగటు పుడుతుంది. కోకో కూడా ఉత్తి కోకో పొడే తీసుకో. పాలలో కలుపుకుని తాగే తీపి పొడి అందుకు బదులు కాదు, దాంతో రంగు వస్తుంది కానీ రుచి రాదు.

కోకో మనకు దూరపు పంటేమీ కాదమ్మా. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కొబ్బరి తోటల నీడలో పండిస్తారు, దేశంలో ఆంధ్రాలోనే ఎక్కువ పండుతుంది. కాయ కోసి, లోపలి గింజలను తెల్లని గుజ్జుతో సహా కుప్పపోసి అయిదారు రోజులు పులియబెట్టి, ఆ తరువాత ఎండబెడతారు. ఆ పులియడం సరిగ్గా జరగకపోతే చాక్లెట్ వాసనే పుట్టదట. మన ఇడ్లీ పిండి చేసే పనే ఆ తోటల్లో జరుగుతోందని తెలిసినప్పుడు నాకు ఆ గోధుమరంగు పొడి మీద అభిమానం పుట్టింది.

ఇక పని. ముందుగా పళ్లెం, గరిట, జల్లెడ, గిన్నె అన్నీ కడిగి ఆరబెట్టి, పొడిగుడ్డతో మరోసారి తుడువు. ఈ ముసురులో ఆరినట్టే కనిపిస్తాయి కానీ అంచుల్లో తేమ ఉంటుంది. పాలపొడి, కోకో, ఉప్పు కలిపి రెండుసార్లు జల్లించు. ఒకసారి చాలదు. వానాకాలంలో పాలపొడి చిన్న చిన్న ఉండలు కడుతుంది, పాకంలో పడ్డాక ఆ ఉండ విడదీయడం ఎవరి తరమూ కాదు. పళ్లేనికి నెయ్యి రాసి పక్కన పెట్టుకో. ఇవన్నీ అయ్యాకే పొయ్యి వెలిగించు. పాకం మన కోసం ఆగదు.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో పంచదార, నీళ్లు పోసి కరిగేదాకా కలుపు. మరగడం మొదలయ్యాక గరిట తిప్పకు, తిప్పితే పంచదార మళ్లీ పలుకు కడుతుంది. మంట మధ్యస్థంగా ఉంచు. చుక్క తీసి పొడి పళ్లెం మీద వేసి, క్షణం చల్లారనిచ్చి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసి చూడు. సన్నని తీగ ఒక్కటి సాగిందంటే సరిపోయింది. అరిసెలకు పట్టే ఉండపాకం దాకా పోనివ్వకు. తీగ కనబడగానే మంట ఆర్పి వెన్న వెయ్యి. అది కరిగాక జల్లించిన పొడిని మూడు విడతలుగా వేస్తూ గట్టిగా కలుపు. చేయి నొప్పి పుడుతుంది, ఆపకు. రెండు నిమిషాల్లో చిక్కబడి గరిటను వదలకుండా వస్తుంది. వెంటనే పళ్లెంలో పోసి, అడుగున రెండుసార్లు తట్టు. పావుగంటకు గాట్లు పెట్టు, రెండు గంటల తరువాత ముక్కలు తియ్యి.

గట్టిపడి పొడిపొడిగా విరిగిపోతుంటే పాకం ముదిరిందని అర్థం. వేడి పాలు ఒక చెంచా పోసి, సన్న సెగ మీద కలిపితే దారికొస్తుంది. ఎంతసేపటికీ బిగియక సాగుతుంటే పాకం లేతగా దిగింది. అప్పుడు సన్న సెగ మీద గిన్నె అంచులు వదిలేదాకా కలుపు. రెండింటికీ మందు ఉంది, కాబట్టి భయపడి పరుగులు పెట్టవద్దు.

పలాస జీడిపప్పు దోరగా వేయించి ముక్కలు కలిపితే పిల్లలు ఇష్టంగా తింటారు. రెండోసారి చేసేటప్పుడు ఇంకో సంగతి ప్రయత్నించు. పాలపొడిలో పావు గ్లాసు తగ్గించి, దాని బదులు చోడిపిండి, అదే రాగిపిండి వెయ్యి. నెయ్యిలో సన్న సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించాలి సుమా, పచ్చిగా వేస్తే నాలుకకు పిండిపిండిగా తగులుతుంది. మీ రాయగడ కొండల్లో మాండియా అని పండించే ఆ గింజకు, కోకోకు రుచి భలే కుదురుతుంది. నా మాట మీద కాదు, మీ పక్కింటి ఒడియా మావుసీకి రెండు ముక్కలు పెట్టి ఆవిడనే అడుగు. ఆవిడ ఛెనాపోడో మిఠాయి తెచ్చి ఇచ్చిన గిన్నె ఇంకా మీ ఇంట్లోనే ఉందన్నావు. గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా.

వాసనల గురించి కూడా చెప్పాలి. వెన్న, పాలపొడి, కోకో మూడూ పక్కనున్న వాసనను ఇట్టే పట్టేస్తాయి. ఇంగువ పోపు తిప్పిన చెక్క గరిటతో ఈ పాకం తిప్పవద్దు, ఉల్లిపాయ కోసిన చాకుతో గాట్లు పెట్టవద్దు. ఎంత కడిగినా చెక్కలోంచి వాసన పూర్తిగా పోదు. మా ఇంట్లో తీపి గరిట ఒకటి విడిగా మేకుకు వేలాడుతుంది, దాన్ని పులుసులో ముంచే హక్కు ఎవరికీ లేదు. పచ్చడి ఉంచిన డబ్బాలో చాక్లెట్ దాచకు. మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాలో అయితే బయట నాలుగు రోజులు, ఫ్రిజ్‌లో పది రోజులు బాగుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బా మూత వెంటనే తియ్యకు. చల్లని ముక్కల మీద గాలిలోని తేమ చెమటలా పడుతుంది. మళ్లీ ఆ తడే చూడు. డబ్బా బయటి చల్లదనం పోయాక తెరువు.

ఇప్పుడు చెప్పబోయేది నిలబడి చదువు. పాపను జల్లించనివ్వు, పళ్లేనికి నెయ్యి రాయనివ్వు, జీడిపప్పు లెక్కపెట్టనివ్వు. పాకం పొయ్యి మీద ఉన్నంతసేపు మాత్రం ఆ అమ్మాయి పొయ్యిగట్టుకు నాలుగడుగుల దూరంలో కుర్చీలో కూర్చోవాలి. పాకం మరిగే నీటికంటే వేడి, పైగా చర్మానికి అంటుకుని వదలదు. మీ పెద్దన్నయ్యకు అయిదేళ్లప్పుడు నేను గిన్నె కాడను బయటికి తిప్పి ఉంచాను. వాడు పరుగున వచ్చి దానికి తగిలాడు. కంగారులో పళ్లు తోముకునే పేస్టు రాశాను. వైద్యుడు చూసి, కుళాయి కింద ఇరవై నిమిషాలు చల్లని నీళ్లు పోస్తూ ఉండవలసింది, అంతకుమించి ఏదీ రాయకూడదని చెప్పారు. వాడి మణికట్టు దగ్గర మచ్చ నువ్వూ చూశావు. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ సాయంత్రం కళ్లముందుకు వస్తుంది. గిన్నె కాడ ఎప్పుడూ గోడ వైపు ఉండాలి. జారే పమిట, సింథటిక్ బట్టలు పొయ్యి దగ్గరకు రాకూడదు. వంట అయ్యాక సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టెయ్యి. రబ్బరు గొట్టం అయిదేళ్లకోసారి మార్చాలి. మీరు ఆ ఇంట్లో దిగి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టి, అవసరమైతే ఈ వారమే మార్పించు.

పాప కూర్చున్న ఆ కాసేపు ఈ ఉత్తరం దానికి పైకి చదివి వినిపించు. బడిలో ఒడియా, ఇంగ్లీషు నేర్చుకుంటోంది, మంచిదే, రెండూ బాగా రావాలి. తీగపాకం, చిటికెడు, గోరువెచ్చన, దోరగా అనే మాటలు మాత్రం ఏ పుస్తకంలో నేర్పుతారు? గిడుగు రామమూర్తి గారు పిల్లలకు పాఠాలు చెప్పిన ఊరు మనది. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని జీవితమంతా పోరాడారాయన. 1936లో ఒడిశా ఏర్పడి, ఈ ఊరు అందులో చేరినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. మనం ఇక్కడే ఉన్నాం, మన మాట మన వంటింట్లో ఉంది. పాప చేతికి జల్లెడ ఇచ్చినప్పుడు ఆ మాట కూడా ఇవ్వు.

కిలో జీడిపప్పు, నా తీపి గరిటకు జత గరిట ఒకటి గుడ్డసంచిలో కట్టి మీ బాబాయికి ఇచ్చాను. శుక్రవారం బయలుదేరుతాడు. గరిట కొత్తది, నువ్వులనూనె రాసి రెండు రోజులు ఆరనిచ్చాక వాడుకో. మొదటి పళ్లెం ఎలా వచ్చిందో ఆ సాయంత్రమే ఫోను చెయ్యి.

ఇట్లు,
మీ పెద్దమ్మ