శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్ అంటే శాంపుల్ హిస్టోగ్రామేనా? స్టాండర్డ్ డీవియేషన్‌ను n (శాంపుల్‌లో ఎన్ని అంకెలున్నాయో ఆ సంఖ్య) వర్గమూలంతో ఎందుకు భాగిస్తాం?

కాదు. కాలేజీలో 120 మంది ఉంటే 40 మందిని ఎంచి, వాళ్ల మార్కులతో మీరు గీసిన హిస్టోగ్రామ్‌లో ఒక్కో అంకె ఒక్కో విద్యార్థిది. శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్‌లో ఒక్కో అంకె ఒక్కో శాంపుల్ సగటు. ఏ గ్రాఫ్ చూసినా ముందు "ఇందులో ఒక అంకె దేనిది?" అని చూసుకుంటే సగం గందరగోళం పోతుంది.

సూత్రం పక్కన పెట్టి ఒకసారి చేత్తో చేయండి. నాలుగు చీటీల మీద 2, 4, 6, 8 రాయండి. సగటు 5, వేరియన్స్ (సగటు నుంచి తేడాల వర్గాల సగటు, దాని వర్గమూలమే స్టాండర్డ్ డీవియేషన్) కూడా 5. ఒక చీటీ తీసి, చూసి, మళ్లీ అందులోనే వేసి రెండోది తీస్తే మొత్తం 16 జతలు వస్తాయి. వాటి సగటుల్లో 2 ఒకసారి, 3 రెండుసార్లు, 4 మూడుసార్లు, 5 నాలుగుసార్లు, 6 మూడుసార్లు, 7 రెండుసార్లు, 8 ఒకసారి. శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్ అంటే ఈ పట్టికే. దీని సగటు 5, వేరియన్స్ 2.5, అంటే 5 బై 2. వేరియన్స్‌ను n తో భాగిస్తున్నాం కాబట్టే స్టాండర్డ్ డీవియేషన్‌కు వచ్చేసరికి n వర్గమూలం అవుతుంది.

తీసిన చీటీని తిరిగి వేయకపోతే ఆరు జతలే ఉంటాయి, వేరియన్స్ 1.67కి దిగుతుంది. మీ 120 మంది విషయంలోనూ ఇదే జరుగుతుంది. (120 - 40)/(120 - 1), అంటే 80/119 వర్గమూలం సుమారు 0.82, స్టాండర్డ్ ఎర్రర్‌ను (శాంపుల్ సగటుల స్టాండర్డ్ డీవియేషన్‌ను) దాంతో గుణించాలి. శాంపుల్ సైజు మొత్తం మందిలో 5 శాతం లోపు ఉంటే ఈ సవరణను పట్టించుకోనక్కర్లేదు.

ఇక ఇదే పని ఎక్సెల్‌లో చేసి చూద్దాం. ర్యాండ్ ఫంక్షన్ (0, 1 మధ్య యాదృచ్ఛిక అంకె ఇచ్చేది) విలువకు ఎల్ఎన్ (సహజ లాగరిథమ్) తీసి, మైనస్ 10తో గుణించే ఫార్ములాను, అంటే =-10*LN(RAND()), ఏ నుంచి ఏడీ దాకా 30 కాలమ్స్, 1000 వరసల్లో నింపండి. ఇవి కుడివైపు బాగా సాగిన విలువలు. సగటు 10, స్టాండర్డ్ డీవియేషన్ 10. ఏఈ కాలమ్‌లో ప్రతి వరసకూ సగటు తీసి, ఆ 1000 సగటుల స్టాండర్డ్ డీవియేషన్ చూడండి. 10ని 30 వర్గమూలంతో భాగిస్తే వచ్చే 1.83కి అటూఇటూగా వస్తుంది.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. వరసలు 5000 చేస్తే స్టాండర్డ్ ఎర్రర్ తగ్గుతుందనుకుంటారు. తగ్గదు. వరసలు పెరిగితే హిస్టోగ్రామ్ నునుపుగా కనిపిస్తుంది, అంతే. వెడల్పు తగ్గాలంటే కాలమ్స్ పెరగాలి, అది సగం కావాలంటే 120 కాలమ్స్ కావాలి. ఇంకో సంగతి, 30 కాలమ్స్ ఉన్నా సగటుల హిస్టోగ్రామ్ కుడివైపుకి కొంచెం సాగే ఉంటుంది. "n 30 దాటితే నార్మల్ (రెండువైపులా సమానంగా ఉండే గంట ఆకారం)" అనేది పరీక్షలో పనికొచ్చే మాటే గానీ నియమం కాదు.

నిజంగా చేతిలో ఉండేది ఒక్క శాంపులే, పాపులేషన్ (శాంపుల్ తీసిన మొత్తం సమూహం) స్టాండర్డ్ డీవియేషన్ తెలియదు. అందుకే శాంపుల్‌ నుంచి వచ్చిన దాన్ని వాడతాం. చిన్న శాంపుల్‌లో అది కూడా ఊగుతుంది. డబ్లిన్‌లోని గిన్నిస్ బ్రూవరీలో పనిచేసిన గాసెట్ 1908లో "స్టూడెంట్" పేరుతో రాసిన పేపర్‌లో ఈ చిక్కునే పట్టుకున్నాడు. 3000 మంది ఖైదీల ఎత్తు, ఎడమచేతి మధ్యవేలి పొడవు కార్డుల మీద రాసి, కలిపి, నాలుగేసి చొప్పున 750 శాంపుల్స్ చేశాడు. మనం ఎక్సెల్‌లో చేసే పనే ఆయన అట్టముక్కలతో చేశాడు. శాంపుల్ నలుగురిదే అయితే, అసలు సగటు ఉండే హద్దులను 95 శాతం నమ్మకంతో చెప్పడానికి స్టాండర్డ్ ఎర్రర్‌ను గుణించాల్సింది నార్మల్ పట్టికలోని 1.96తో కాదు, గాసెట్ పని నుంచి వచ్చిన టి పట్టికలోని 3.18తో.