క్రూజ్ మధ్యలో షిప్పు దిగి తిరగడానికి టూరు షిప్పువాళ్ల దగ్గరే కొనాలా, సొంతంగా వెళ్లొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: పలాస నుంచి బయలుదేరి, డెబ్బైకి దగ్గరపడిన అమ్మానాన్నలతో సింగపూర్‌లో నాలుగు రాత్రుల క్రూజ్ ఎక్కుతున్నారు. షిప్పు పెనాంగ్‌లోనూ ఫుకెట్‌లోనూ ఆగుతుంది. ఆ రెండు చోట్లా టూర్లు షిప్పువాళ్ల దగ్గర కొనాలా, బయట చూసుకోవాలా, విమానం ఏ రోజుకి తీసుకోవాలి అని. దాదాపు ఇదే ట్రిప్పు మేం 2025 జనవరిలో సంక్రాంతి సెలవులకి వెళ్లొచ్చాం. విజయనగరం నుంచి ఆరుగురం: నేను, మా ఆవిడ, మా అబ్బాయి, అత్తయ్య, మావయ్య, బావమరిది. చేసిన తప్పులు ఇంకా గుర్తున్నాయి కాబట్టి రాస్తున్నా.

ముందు జవాబు చెప్పేస్తాను. పెనాంగ్‌లో ఏ టూరూ కొనకండి. ఫుకెట్‌లో పెద్దవాళ్లకి మాత్రం షిప్పువాళ్ల టూరే కొనండి, ధర చూసి కడుపు మండినా సరే.

ధర సంగతి పక్కన పెడితే అసలు తేడా ఇంకోటి. షిప్పువాళ్లు అమ్మిన టూరు బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే షిప్పు ఆగుతుంది, ఆగలేకపోతే మిమ్మల్ని తర్వాతి పోర్టుకి చేర్చే పూచీ వాళ్లది. మీరు సొంతంగా టాక్సీ మాట్లాడుకుని వెళ్లి ఆలస్యమైతే షిప్పు వెళ్లిపోతుంది, పల్లెవెలుగు బస్సులా చెయ్యి ఊపితే ఆగదు. అప్పుడు పరాయి దేశంలో కట్టుబట్టలతో నిలబడి, సొంత డబ్బులతో విమానం టికెట్ వెతుక్కోవాలి. ఇంకో సంగతి, షిప్పు బయలుదేరే టైము వేరు, అందరూ లోపల ఉండాల్సిన టైము వేరు. రెండోది అరగంట నుంచి గంట వరకూ ముందే ఉంటుంది. కాగితం మీద ఆ రెండో టైము రాసుకుని, దాని నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి. చివర ఒక గంట ఖాళీగా వదిలి, రావడానికి పట్టే టైము తీసేసి, మిగిలింది చూడండి. చాలా తక్కువే మిగులుతుంది. మా ఊళ్లో ఒక ట్రావెల్ ఏజెంటు పెనాంగ్‌లో మాకున్న ఆరు గంటల్లోనే కొండ, కెక్ లోక్ సి గుడి, సిటీ టూరు, షాపింగ్ అన్నీ రాసిచ్చాడు. ఆయన ఏనాడూ అక్కడ కాలు పెట్టలేదని మాకు అక్కడికెళ్లాకే తెలిసింది.

పెనాంగ్‌లో షిప్పు నేరుగా జార్జ్ టౌన్ ఊళ్లోనే ఆగుతుంది, స్వెట్టెన్‌హామ్ పియర్ అంటారు. గేటు దాటి నాలుగడుగులు వేస్తే విక్టోరియా రాణి పేరుతో కట్టిన గడియార స్తంభం, దాని పక్కనే కార్న్‌వాలిస్ కోట. 2008లో యునెస్కో గుర్తించిన పాత ఊరంతా అక్కడే ఉంది. లిటిల్ ఇండియా కూడా నడిచి వెళ్లేంత దూరమే, క్వీన్ స్ట్రీట్‌లో 1833 నాటి మహామారియమ్మ గుడి ఉంటుంది. నడవలేకపోతే గ్రాబ్ యాప్‌లో కారు పిలవండి, బేరాలుండవు. పెనాంగ్ హిల్‌కి రైలు బాగుంటుందని అందరూ చెప్తారు, నిజమే కావచ్చు, కానీ మేం దిగింది ఆదివారం. అక్కడ క్యూ ఎంతుంటుందో తెలియకుండా ముసలివాళ్లని తీసుకెళ్లే ధైర్యం నాకు లేకపోయింది.

లిటిల్ ఇండియాలో ఒక అరిటాకు భోజనం హోటల్లో కూర్చున్నాం. అత్తయ్య "చారు ఏటిలా ఉంది, తియ్యగా" అని గొణుగుతుంటే కౌంటర్లో ఉన్న పెద్దావిడ లేచి వచ్చి, సగం అరవం కలిసిన తెలుగులో "మీరు తెలుగువాళ్లా?" అంది. వాళ్ల తాత చికాకోల్ దగ్గర పల్లె నుంచి తోటపనికి వచ్చాడట. ఆ చికాకోల్ ఎక్కడుందో ఆవిడకి తెలీదు, ఇంట్లో ఆ పేరు మాత్రం మిగిలింది. మావయ్య చెయ్యి కడుక్కోవడం కూడా మానేసి, "చికాకోల్ అంటే మా శ్రీకాకుళమేనమ్మా, ఇంగ్లీషువోళ్లు అలాగనీవోరు" అని చెప్పి, నాగావళి, అరసవిల్లి, కోడి రామ్మూర్తి స్టేడియం వరకూ అన్నీ వర్ణించాడు. మన వైపు నుంచి రంగం, అంటే రంగూన్, వెళ్లినవాళ్ల కథలు తెలుసుగానీ, మలయా వెళ్లినవాళ్ల మనవరాలు ఎదురుగా నిలబడితే అదోలా ఉంటుంది. ముప్పావు గంట అక్కడే పోయింది, కోట లోపలికి వెళ్లడం దానితో సరి. తిరిగి షిప్పుకి నడిచి వచ్చేసరికి ఇంకా గంటన్నర టైముంది. అలా ఉండాలి.

ఫుకెట్ కథ వేరు. మా షిప్పు పటాంగ్ బీచ్‌కి ఎదురుగా సముద్రంలోనే లంగరు వేసింది, ఒడ్డుకి టెండర్ అనే చిన్న బోట్లలో తీసుకెళ్తారు. మీ టికెట్ మీద పోర్టు పేరు పక్కన టెండర్ అని ఉందో లేదో ఇప్పుడే చూడండి, ఉంటే చాలా లెక్కలు మారిపోతాయి. టూరు కొన్నవాళ్లని ముందు దింపుతారు, మిగతావాళ్లు నంబరు టోకెన్ తీసుకుని వాళ్ల వంతు కోసం కూర్చోవాలి. నాకూ బావమరిదికీ దాదాపు గంటన్నర పట్టింది. అదీగాక టెండర్‌లోకి ఎక్కడం అంటే మామూలు మెట్టు కాదు. షిప్పు కదలదు, బోటు మాత్రం అలతో ఒక అడుగు పైకి, ఒక అడుగు కిందికి ఊగుతూ ఉంటుంది. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. అది చూడగానే "నానొల్లను బాబూ, మీరెళ్లండి" అని వెనక్కి తిరిగింది. అక్కడ ఇద్దరు సిబ్బంది ఉంటారు, చేతులు కాదు, మోచేతుల దగ్గర గట్టిగా పట్టుకుంటారు, బోటు పైకి లేచి మెట్టుకి సమానంగా వచ్చిన క్షణంలో "నౌ" అంటారు, అప్పుడు అడుగు వెయ్యాలి. ముందూ వద్దు, ఆగీ వద్దు. అత్తయ్య రెండు అలలు పోనిచ్చి, మూడో అలకి అడుగు వేసింది. లోపల కూర్చున్నాక "ఓస్, ఇంతేనా" అని, వెనక వచ్చేవాళ్లకి చేతులతో సైగలు చేసి మరీ నేర్పింది. అమ్మగారికి చెప్పండి: కుచ్చిళ్లకి పిన్నీసు పెట్టుకోవాలి, హవాయి చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్నవి వేసుకోవాలి. చేతిలో సంచి ఉండకూడదు, అది మీరు పట్టుకోండి. వీల్‌చైర్ మీద ఉండి ఆ ఒక్క అడుగూ వేయలేనివాళ్లని మాత్రం దింపరు.

మే నుంచి అక్టోబర్ మధ్యలో వెళ్తే అక్కడ సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, టెండర్లు నడపలేక పోర్టునే రద్దు చేసే అవకాశం ఉంది. షిప్పు టూరైతే అప్పుడు డబ్బు వెనక్కి వస్తుంది. బయట ఆన్‌లైన్లో ముందే కట్టేసింది ఉంటే వాళ్లతో మీరు కొట్లాడుకోవాలి.

ఇక మా అతితెలివి గురించి. అత్తయ్య, మావయ్య, మా ఆవిడ, పిల్లాడు షిప్పు టూరులో వాట్ చలోంగ్ గుడికీ పాత ఫుకెట్ టౌన్‌కీ వెళ్లారు. నేనూ బావమరిదీ డబ్బు మిగులుద్దామని సొంతంగా పటాంగ్‌లో దిగాం. పొద్దున షిప్పులోనే మావయ్య నా ఫోను చూసి "బాబూ, నీ ఫోన్ గంట వెనకుందేటి?" అన్నాడు. నేను "నెట్‌వర్క్ చూపించే టైమే కరెక్టు మావయ్యా, మీ వాచీ మార్చండి" అన్నాను. సంగతేమిటంటే సింగపూర్, మలేషియా మనకంటే రెండున్నర గంటలు ముందుంటాయి, థాయిలాండ్ గంటన్నరే ముందు. మా షిప్పు మాత్రం ఫుకెట్‌లోనూ సింగపూర్ టైమే పాటించింది. ముందురోజు రాత్రి గదిలో పెట్టిన కాగితంలో అది చిన్న అక్షరాల్లో ఉంది, మేం చూసుకోలేదు. పొద్దున ఒడ్డు దగ్గరపడగానే ఫోను తనంతట తానే థాయ్ టైముకి మారిపోయింది. తీరిగ్గా కొబ్బరి బోండాం తాగి, ఇంకా గంటకి పైగా ఉందిలే అనుకుంటూ రేవు దగ్గరికి వచ్చేసరికి అక్కడ బోర్డు మీద ఆఖరి టెండర్ నాలుగింటికి, షిప్పు టైము ప్రకారం అని రాసుంది. ఫోన్లో రెండూ యాభై. అంటే మూడూ యాభై! బావమరిది ఒక చెప్పు ఊడిపోతే చేత్తో పట్టుకుని పరిగెత్తాడు. షిప్పులోకి ఎక్కేసరికి మావయ్య తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. నెల్లిమర్ల జూట్‌మిల్లులో ముప్పై ఏళ్లు షిఫ్టుకి సైరన్ మోగకముందే గేటు దగ్గరున్న మనిషి. ఒక్క మాట అనలేదు, చొక్కా చెయ్యి పైకి లాగి హెచ్ఎంటీ వాచీ చూపించి వెళ్లిపోయాడు. కాబట్టి షిప్పు ఎక్కిన రోజే లాబీలో ఉన్న గడియారం చూసి ఒక చేతి వాచీలో ఆ టైము పెట్టండి, దాన్ని మళ్లీ ముట్టుకోవద్దు.

ఫోన్ గురించే ఇంకోటి, షిప్పు ఎక్కగానే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయండి, అమ్మానాన్నల ఫోన్లు కూడా. నడిసముద్రంలో శాటిలైట్ ద్వారా పనిచేసే నెట్‌వర్క్‌కి ఫోను కనెక్ట్ అయితే మామూలు రోమింగ్ ప్యాక్ దానికి పనిచేయదు, బిల్లు వాచిపోతుంది.

విమానం విషయంలో నా మాట వినండి, షిప్పు ఎక్కే రోజుకి విమానం పెట్టుకోవద్దు, కనీసం ఒక రోజు ముందు సింగపూర్ చేరండి. విశాఖ నుంచి సింగపూర్‌కి నేరుగా రాత్రి విమానం ఉంది, తెల్లారేసరికి దింపేస్తుంది. మేం ముక్కనుమ రోజు రాత్రి విమానం పెట్టుకున్నాం, పండక్కి వచ్చినవాళ్లంతా అదే రోజు తిరుగుప్రయాణం. మామూలుగా గంటన్నరలో వెళ్లేవాళ్లం, ఆనందపురం దగ్గర కారు కదలక దాదాపు మూడు గంటలు పట్టింది, అందరి మొహాల్లో టెన్షన్. మీరు పలాస నుంచి పొద్దున రైలుకే విశాఖ వచ్చేసి, ఎవరైనా చుట్టాలింట్లో భోంచేసి, నడుం వాల్చి, తీరిగ్గా ఎయిర్‌పోర్టుకి వెళ్లండి.

వీసా. ఇది బుకింగ్ కంటే ముఖ్యం. షిప్పు ఎక్కితే మీరు సింగపూర్ విడిచి వెళ్లినట్టే లెక్క, తిరిగి దిగినప్పుడు మళ్లీ ప్రవేశించినట్టు. అందుకే వీసా మీద మల్టిపుల్ అని ఉందో లేదో చేతికి రాగానే చూడండి. సింగపూర్ అరైవల్ కార్డు ఆన్‌లైన్లో, అక్కడికి చేరడానికి ముందు మూడు రోజుల లోపు నింపాలి, విమానంలో వెళ్లేటప్పుడు ఒకసారి, షిప్పులో తిరిగొచ్చేటప్పుడు మళ్లీ ఒకసారి. ఈ రెండోది చాలామంది మర్చిపోతారు. మేం వెళ్లినప్పుడు మలేషియాకీ థాయిలాండ్‌కీ మనకి వీసా అక్కర్లేదు. మేం వచ్చాక 2025 మే 1 నుంచి థాయిలాండ్ కూడా డిజిటల్ కార్డు మొదలుపెట్టింది. ఈ రూల్స్ తరచూ మారతాయి, షిప్పువాళ్లు పంపే మెయిళ్లు ఒక్కటీ వదలకుండా చదవండి. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు ఉండాలని మీకు తెలిసే ఉంటుంది.

సామాన్లలో చిన్న రైస్ కుక్కర్ పెట్టాలని అమ్మగారు అంటారు, వద్దని గట్టిగా చెప్పండి. మాది టెర్మినల్లోనే స్కానింగ్‌లో పట్టుకుని తీసి ఉంచేశారు, దిగిన రోజు రసీదు చూపించి తెచ్చుకున్నాం. ఇస్త్రీపెట్టె కూడా అంతే. అన్నం, పప్పు, పెరుగు షిప్పులో దొరుకుతాయి, శాకాహారం అని బుకింగ్‌లోనే రాయించండి. సీల్ వేసిన పొడుల ప్యాకెట్లు పట్టుకెళ్తే చాలు. నాన్నగారికి చుట్టో ఖైనీయో అలవాటుంటే ఇక్కడే వదిలేయమనండి, సింగపూర్‌లో నమిలే పొగాకు నిషేధం, కాల్చేది ఒక్క చుట్ట పట్టుకెళ్లినా పన్ను కట్టాలి. బఫేలో అరటిపండు సంచిలో వేసుకుని ఒడ్డుకి దిగడం కూడా కుదరదు. వాంతుల మాత్ర అక్కడ కొనడం కంటే మీ డాక్టర్ని అడిగి ఇక్కడే తీసుకోండి, షిప్పు డాక్టర్ ఫీజు డాలర్లలో ఉంటుంది. అది కలిసేలా ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. టికెట్ ధర కాక తలకి రోజుకి ఇంతని టిప్పులు వేస్తారు, అవి కూడా ముందే లెక్కలో పెట్టుకోండి.

ఇంత దూరం భయమనిపిస్తే, విశాఖలోనే 2023లో క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది, పుదుచ్చేరి, చెన్నై వైపు షిప్పు నడిచే సీజన్‌లో తేదీలు కలిస్తే అమ్మానాన్నలకి సముద్రం పడుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

ఆఖరి రాత్రి గురించి ఒకటి. పెట్టెలన్నీ రాత్రికే గది బయట పెట్టమంటారు, అవి మళ్లీ పొద్దున సింగపూర్ టెర్మినల్లోనే కనిపిస్తాయి. పాస్‌పోర్టులు, మందులు, మర్నాటి బట్టలు చేతిసంచిలో ఉండాలి. మావయ్య అన్నిటికంటే ముందు, టైముకి గంట ముందే, తన పెట్టె సర్ది బయట పెట్టేసి లుంగీతో పడుకున్నాడు. తెల్లారి చూస్తే ప్యాంట్లన్నీ అందులోనే. బావమరిది ట్రాక్ ప్యాంటు కాళ్ల దగ్గర నాలుగు మడతలు పెట్టుకుని ఇమిగ్రేషన్ క్యూలో నిలబడ్డాడు, చేతికి వాచీ మాత్రం ఉంది.