అమెరికా నగర పోలీసుల్లో నల్లజాతివాళ్లు, ఆడవాళ్లు ఎప్పుడు, ఎలా వచ్చారు?

అమెరికా సిటీ పోలీసుల్లోకి నల్లజాతివాళ్లను, ఆడవాళ్లను ఎప్పటినుంచి తీసుకుంటున్నారు, అదంతా కోటాల పుణ్యమేనా అని అడిగారు. నేనుండేది అట్లాంటా శివార్లలో. మా ఊరి పోలీసులు మామూలు జనం కోసం సాయంత్రాలు సిటిజన్స్ పోలీస్ అకాడమీ అని క్లాసులు పెడితే వెళ్లాను, ఈ చరిత్ర మీద ఆసక్తి అక్కడే పుట్టింది. అందుకే అట్లాంటా సంగతే ఎక్కువ చెబుతాను.

అట్లాంటాలో మొదటి ఎనిమిదిమంది నల్లజాతి పోలీసులు గస్తీకి దిగింది 1948 ఏప్రిల్‌లో. మేయర్ హార్ట్స్‌ఫీల్డ్‌కు ఉన్నట్టుండి మనసు కరగలేదు లెండి. 1946లో జార్జియాలో (అట్లాంటా ఉన్న రాష్ట్రం) తెల్లవాళ్లకే పరిమితమైన ప్రైమరీ ఎన్నికలు, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలు, కోర్టు తీర్పుతో పోయాయి. అదే ఏడు నల్లజాతి నాయకులు ఇల్లిల్లూ తిరిగి వేలమంది చేత ఓటరుగా పేరు రాయించారు. ఓట్లు కనబడ్డాక, నల్లజాతి పోలీసులు కావాలన్న వాళ్ల కోరిక మేయర్‌కు సబబుగా తోచింది. మన రాజకీయాలు చూసినవాళ్లకు ఇంతకంటే విడమర్చి చెప్పక్కర్లేదు.

ఉద్యోగమైతే ఇచ్చారు గానీ, తెల్లవాడు కళ్లెదుట నేరం చేసినా అరెస్టు చేయడానికి వీల్లేదు, తెల్ల ఆఫీసరును పిలిపించుకోవాలి. మిగతా పోలీసులతో కలిసి స్టేషన్‌లో కూర్చోనివ్వలేదు. బట్లర్ స్ట్రీట్ వైఎంసీఏ బేస్‌మెంటే వీళ్ల ఠాణా. యూనిఫాం అక్కడే వేసుకోవాలి, డ్యూటీ దిగాక అక్కడే విప్పేసి ఇంటికి పోవాలి. కార్లివ్వలేదు, నల్లవాళ్ల పేటల్లోనే కాలినడకన గస్తీ. తెల్లవాళ్లను అరెస్టు చేసే అధికారం 1962లో గానీ రాలేదు. నన్నడిగితే, 1948 కంటే ఈ 1962 ముఖ్యమైన తేదీ.

ఆడవాళ్లది ఇంకో దారి. లాస్ ఏంజెలెస్‌లో ఆలిస్ స్టెబిన్స్ వెల్స్ 1910లోనే చేరారు. కానీ ఆడపోలీసంటే పిల్లల కేసులు, ఖైదీ స్త్రీల కాపలా అన్నట్టే దశాబ్దాలు గడిచాయి. న్యూయార్క్‌లో ఫెలీషియా ష్ప్రిట్జర్ సార్జెంట్ పరీక్ష రాస్తానంటే కుదరదన్నారు. 1961లో కోర్టుకెక్కి, గెలిచి, 1965లో సార్జెంట్ అయ్యారు. 1968లో ఇండియానాపోలిస్‌లో ఇద్దరు ఆడవాళ్ల చేతికి గస్తీ కారిస్తే అదే పెద్ద విశేషం. ఉద్యోగాల్లో వివక్షను నిషేధించే చట్టం నగర ప్రభుత్వాలకూ వర్తించింది 1972లో. ఆ మరుసటేడే అట్లాంటాలో బెవర్లీ హార్వర్డ్ చేరారు. ఆడవాళ్లకు ఈ పనెందుకన్న భర్తతో వంద డాలర్ల పందెం కాసి చేరారట! 1994లో ఆవిడే ఆ ఊరి పోలీస్ చీఫ్.

ఇప్పటి సంగతంటారా? క్లాసుల్లో భాగంగా ఒక రాత్రి పోలీసు కార్లో వెనక సీట్లో కూర్చుని తిరిగాను. ముందు సీట్లో నల్లజాతి ఆఫీసరమ్మ, పక్కన ఆవిడ దగ్గర డ్యూటీ నేర్చుకుంటున్న తెల్ల కుర్రాడు. గ్యారేజీలో దొంగలు పడ్డారని ఫోనొస్తే వెళ్లాం. తీరా చూస్తే తెలుగువాళ్ల ఇల్లు. ప్రశ్నలన్నీ ఆవిడే అడుగుతోంది, మనవాడేమో జవాబులన్నీ ఆ కుర్రాడి మొహం చూస్తూ చెబుతున్నాడు. చివర్లో "సర్, రిపోర్టెప్పుడు వస్తుంది?" అని కూడా అతన్నే అడిగాడు. కుర్రాడు తెల్లమొహం వేసి ఆవిడ వైపు చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. కారెక్కాక అడిగితే, "ఎవరి వైపు చూసి చెప్పినా నాకు కావాల్సింది వివరాలే" అనేసి రేడియో అందుకుంది.

ఇక కోటాలు. షికాగోలాంటి చోట్ల కోర్టులే నియామకాల్లో ఇంతమంది ఉండాలని ఆదేశించిన మాట నిజం. అట్లాంటాలో మొదటి నల్లజాతి మేయర్ మేనార్డ్ జాక్సన్ హయాంలో, ప్రమోషన్ పరీక్ష జవాబులు కొందరికి ముందే అందాయని బయటపడి, 1978లో పోలీసు శాఖను చూసే పబ్లిక్ సేఫ్టీ కమిషనర్ రెజినాల్డ్ ఈవ్స్ దిగిపోవాల్సి వచ్చింది. దాన్ని నేను వెనకేసుకురాను. కానీ కోటాల వల్ల అర్హుల నోట మట్టి కొట్టారనేవాళ్లు, 1948కి ముందు అట్లాంటాలో ఆ ఉద్యోగాలన్నీ ఎవరికి రిజర్వు చేసి ఉన్నాయో కూడా లెక్కేయాలి కదా.